నాయనమ్మ చుట్టూ ఐసు దిమ్మలు

చోడవరంలో నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడు ఎవరూ నా పేరు చెప్పరు. "బతికున్న నాయనమ్మకి ఐసెట్టినోడు" అంటారు. కాదని వాదించడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. పెట్టాను. నా చేతులతోనే, ఎంతో ముచ్చటపడి, దిమ్మ తరవాత దిమ్మ సర్ది మరీ పెట్టాను. ఆ రోజు మా ఇంటి ముందు జరిగిన ఘోరం పగవాడికి కూడా జరగకూడదు. జరిగితే మాత్రం నాకు కబురు చేయండి, ఈసారి చూడ్డానికి వస్తాను.

అప్పటికి నేను డిగ్రీ పూర్తి చేసి, మంచం మీద పడుకుని ఫోన్‌లో పరాయి దేశాల పార్టీల వీడియోలు చూడటంలో పై చదువులు చదువుతున్నాను. ఒక రోజు లేచి కూర్చుని, నేను ఈవెంట్ మేనేజర్‌ని అవుతానని ప్రకటించాను. మా నాన్నకి ఎరువుల కొట్టు ఉంది. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు.

"అంటే ఏటి సేస్తావు?"

"ఫంక్షన్లు చేయిస్తాను నాన్నా. ప్లానింగు, డెకరేషను, థీము."

"టెంటు హౌసోడు సేసేదే గదా?"

"కాదు. వాడు టెంటు వేస్తాడు. నేను వాతావరణం సృష్టిస్తాను."

మోతాదు తెలియక మందు కొట్టి, పంట మాడ్చుకుని వచ్చిన రైతును చూసినట్టు నాన్న నన్ను చూశారు. కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు.

"వొచ్చే శనివారానికి మీ నాయనమ్మకి డెబ్బై అయిదు నిండతన్నాయి. ఆ పుట్టినరోజు నువ్వే సెయ్యి. వొచ్చినోళ్లలో ఒక్కళ్లు, ఒకే ఒక్కళ్లు, 'బాబూ, మా ఇంట్లో పనుంది, నువ్వే సెయ్యాల' అని నోరిప్పి అడిగితే నీ దారి నీది. అడగనేదా, సోమారం నుంచి కొట్లో కూకో. యూరియా బస్తాలు లెక్కెట్టుకుందువు గాని."

నాకు ఆ బస్తాల వాసన పడదు. ఆ కొట్లో ఒక్క గంట కూర్చుంటే సాయంత్రం దాకా అన్నం కూడా ఎరువు వాసన వేస్తుంది. కాబట్టి ఇది నాకు జీవన్మరణ సమస్య. జీవన్మరణం అనే మాట ఎందుకు వాడానో మీకు కాసేపట్లో అర్థమవుతుంది.

నెల డిసెంబరు. కాబట్టి థీమ్ శీతాకాలం. దుప్పటి కప్పుకుని వణికే జనాన్ని పిలిచి మరీ చలి చూపించాలనుకోవడంలోనే నా తెలివి ఎంతటిదో తెలిసిపోతోంది. కానీ వీడియోల్లో ఎంత బాగుంది! ఎటు చూసినా తెలుపు. పిల్లలు మంచుతో ఆడుకుంటారు, కుర్రకారు ఫోటోలు దిగుతారు, పెద్దవాళ్లు వేడివేడిగా చాక్లెట్ పాలు తాగుతారు. చంటిపిల్లల నుంచి నాయనమ్మ దాకా అందరికీ ఏదో ఒకటి. పిలుపులకు బయల్దేరిన అమ్మతో, అందరినీ తెల్లబట్టల్లో రమ్మని చెప్పమన్నాను.

అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "పుట్టినరోజుకి తెల్లచీరలేటిరా? ముత్తైదువల్ని ఆ మాట ఎలగ అడగమంటావు?"

"థీమ్ అమ్మా."

"పోనీ, అంచైనా ఎర్రది ఉండనీరా."

"మంచుకి ఎర్రంచు ఎక్కడైనా ఉంటుందా అమ్మా?"

నాయనమ్మ అప్పలనరసమ్మ మాత్రం మంకీ క్యాపులోంచి నవ్వింది. "ఏదో గుంటడి ముచ్చట, కానీయండి. ఏ థీమైనా నాకు పరవానేదు గాని, సెవుల్లో దూది మాత్రం తియ్యను." చలికాలం వచ్చిందంటే నాయనమ్మ చెవుల్లో దూది పెట్టుకుంటుంది, మళ్లీ శివరాత్రికి గాని తీయదు. దూది తెల్లగానే ఉంటుంది కదా అని నేనూ ఒప్పుకున్నాను.

తరవాత ఆహ్వానం తయారు చేశాను. ఫోన్‌లో, నా సృజనంతా పోసి. నాయనమ్మ ఫోటోల్లో నవ్వదు, కాబట్టి బ్యాంకు పుస్తకానికి తీయించిన గంభీరమైన ఫోటో పెట్టాను. చలికాలం రంగు రావాలని దాన్ని నలుపు తెలుపు చేశాను. చుట్టూ తెల్ల గులాబీలు. కింద పేరు. పేరు కింద ఆమె పుట్టిన సంవత్సరం, పక్కన ఒక గీత, గీత పక్కన ఈ సంవత్సరం. డెబ్బై అయిదేళ్ల ప్రయాణం అని నా భావం. ఎప్పుడు రావాలి, ఎందుకు రావాలి అన్నది రెండో బొమ్మలో పెట్టాను. వాట్సాప్‌లో రెండో బొమ్మ దాకా వెళ్లే ఓపిక ఎవరికుంటుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

శనివారం పొద్దున్నే పంపాను. క్షణాల్లో చేతులు జోడించిన బొమ్మలు రావడం మొదలైంది. ఒకటి, పది, ముప్పై. ఎక్కడెక్కడి వాళ్లో చేతులు జోడిస్తున్నారు. మా నాయనమ్మంటే ఊరికి ఇంత గౌరవమా అని నాకు కళ్లు చెమర్చాయి.

నాన్న ఒక్క విషయంలో మాత్రం ముందే హెచ్చరించారు. "చీడికాడ మామ్మని నువ్వే ఎల్లి పిలు. బొట్టెట్టి పిలవకపోతే జన్మంతా సాధిస్తాది." చీడికాడ మామ్మ అంటే తాతయ్య చెల్లెలు సన్నాసమ్మ, నాయనమ్మకి ఆడపడుచు. వాళ్లిద్దరికీ పెళ్లిళ్లయిన నాటి నుంచీ పడదు. చీడికాడ దాకా బండి తోలడానికి బద్ధకించి, మామ్మ మనవడి ఫోన్‌కి అదే బొమ్మ పంపి ఊరుకున్నాను.

ఇక మంచు కావాలి. ఐసు దిమ్మలు తెచ్చి, కొన్ని దంచి, కొన్ని నిలబెట్టి, దూది పరిస్తే మంచుకొండలే. ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. ఒక్కసారి మీరు ఆలోచించండి. డిసెంబరు నెలలో చోడవరంలో ఐసు దిమ్మలు ఎవరికి కావాలి? సోడా బండ్లు మూలపడి ఉంటాయి. చెరకు రసం తీసేవాడు ఆ నెలలో బజ్జీలు వేసుకుంటాడు. ఆ రోజుల్లో ఐసు అడగడానికి వచ్చేవాడు ఒకే ఒక్క కారణంతో వస్తాడు. ఆ సంగతి ఊళ్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

ఐసు ఫ్యాక్టరీ ఆయన టీ తాగుతున్నారు. "ఎన్ని దిమ్మలు బాబూ?"

"పెద్దవి ఆరు. సాయంత్రం దాకా కరక్కండా ఉండాలండి."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ఇంట్లోకేనా?"

"అవునండి, మా నాయనమ్మకి."

"అప్పలనరసమ్మగారికా! అయ్యో, మొన్న సంతలో సూసేనే! ఒంకాయలు బేరమాడతన్నారే!"

"ఇయ్యాల్టికి డెబ్బై అయిదు నిండేయండి."

"నిండేయి..." ఆయన తలూపారు. "మంచి వయసే బాబూ. మంచాన పడి ఎవుల్నీ కష్టపెట్టనేదు. మీరు గుండె దిటవు సేసుకోవాల."

"మాకేటండీ, ఇంటిల్లిపాదికీ సంతోషమే."

ఆయన నన్ను ఒక రకంగా చూశారు. "దూరం నుంచి రావాల్సినోళ్లున్నారా?"

"బెంగుళూరు నుంచి మా అత్త వొస్తంది. ఆవిడొచ్చేదాకా నాయనమ్మ సుట్టూ ఐసుండాల. ఈలోగా పిల్లలు ఆడుకుంటారు."

"పిల్లలకేటి తెలుస్తాది పాపం," అని ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. డబ్బు తీస్తే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇలాటప్పుడు డబ్బులేటి బాబూ. అన్నీ అయ్యేక సూద్దాం." దిమ్మల మీద స్వయంగా ఊక చల్లి, గోనెలు కప్పి, ఆటో అతనికి చెప్పారు. "మెల్లగా పోనీ. హారన్ కొట్టకు."

వ్యాపారం మొదలవకముందే నాకు ఇంత పరపతి వచ్చిందేమిటా అని ఆశ్చర్యపోయాను. మెయిన్ రోడ్డు మీద ఆటో వెళ్తుంటే కొట్లవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన చెప్పులు కూడా విడిచాడు. నేను చెయ్యి ఊపాను.

టెంటు హౌసు కుర్రాళ్లు మరీ మర్యాదస్తులు. తెల్లగుడ్డలు అడిగితే మారుమాట్లాడకుండా తెచ్చి కట్టారు. అడక్కుండానే కుర్చీలు రెండు వైపులా వేసి మధ్యలో దారి వదిలారు. అడక్కుండానే గేటు పక్కన రెండు దుంగలు వేసి నిప్పు రాజేశారు. చలికాలం పార్టీకి చలిమంట! థీమ్ అంటే ఏమిటో చోడవరంలో నాతో పాటు ఇంకొకడికి తెలిసినందుకు పొంగిపోయి, ఆ కుర్రాడి వీపు తట్టాను. చావు ఇంటి ముందు నిప్పు పెడతారని నాకు తెలియక కాదు. మన ఇంటి ముందు నిప్పు చూసినప్పుడు మనకు అది గుర్తుకు రాదు, అంతే.

మధ్యలో మంచం వేసి, తెల్లదుప్పటి పరిచి, చుట్టూ దిమ్మలు నిలబెట్టి, నాయనమ్మను కూర్చోబెట్టాను. దాని పేరు మంచు సింహాసనం. ఆమెకు భోజనం అయ్యాక కునుకు తీసే అలవాటు.

"ఒరే, నడుం లాగతంది. ఒక్క నిమసం ఒరుగుతాను," అంది.

"ఒరుగు నాయనమ్మా. కేకు వచ్చేక లేపుతాను."

చలి వేస్తుందని గడ్డం దాకా తెల్లశాలువా కప్పాను. రెండు చెవుల్లోనూ దూది ఉంది. మంకీ క్యాపు ఫోటోలకు బాగుండదని తీసేశాను. నేనే తీసేశాను.

మొదట వచ్చినవాళ్లంతా అమ్మ ఇంటికెళ్లి పిలిచినవాళ్లే. పార్టీ బ్రహ్మాండంగా సాగింది. పిల్లలు దంచిన ఐసు ఒకరి చొక్కాలో ఒకరు వేసుకుని కేరింతలు కొట్టారు. కాలేజీ పిల్లలు ఫోటోలు దిగారు. పెద్దవాళ్లు టెంటు బయట ఎండలో కుర్చీలు వేసుకుని, చాక్లెట్ పాలు పక్కన పెట్టి, టీ అడిగారు. అమ్మ మిరపకాయ బజ్జీల పళ్లెం తిప్పుతోంది. ఇక ఎవరో ఒకరు వచ్చి నన్ను పని అడగడమే తరువాయి.

అప్పుడు వచ్చారు వెనక వీధి మాస్టారు. చేతిలో పెద్ద చామంతి దండ. మాటా పలుకూ లేకుండా దండ నాయనమ్మ కాళ్ల దగ్గర పెట్టి, నా భుజం నొక్కారు.

"ధైర్యంగా ఉండు నాయనా."

నా వ్యాపారం గురించి అంటున్నారనుకున్నాను. "ధైర్యంగానే ఉన్నాను మాస్టారూ. ఇదొక్కటీ గట్టెక్కితే, మన రెండు వీధుల్లో ఇంకా నలుగురైదుగురు పెద్దాళ్లకి సెయ్యాలని ఉంది."

మాస్టారు నా భుజం మీంచి చెయ్యి తీసేశారు. ఆయనకు డెబ్బై రెండు.

ఆయన వెనకాల ఇంకో దండ వచ్చింది. దాని వెనకాల ఇంకోటి. పిలవనివాళ్లు గుంపులుగా వచ్చి, గేటు దగ్గర చెప్పులు వదిలి, తలలు వంచుకుని కూర్చుంటున్నారు. అమ్మ పళ్లెం పట్టుకుని వెళ్తే ఒకావిడ మొహం తిప్పేసుకుంది.

"ఇలాటప్పుడు బజ్జీలేటమ్మా! నోట్లోకి ఎలగ ఎల్తాయి?"

"ఏం, ఉప్పెక్కువైందా?" అంది అమ్మ, నొచ్చుకుని.

అటువైపు ఇంకొకాయన పక్కవాడితో గొణుగుతున్నాడు. "ముసిల్ది ఇంకా ఇక్కడే ఉంది, ఆళ్లు అక్కడ సట్నీ ఏసుకుని తింటన్నారు. ఏం మనుసులురా బాబూ!" వెళ్లిపోయేవాళ్లు ఎదురింటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని మరీ వెళ్తున్నారు. మా ఇంటి ముందు బురదగా ఉందేమో అనుకుని నేను ఇసుక వేయించాను.

అంతలో చీడికాడ ఆటో ఆగింది. సన్నాసమ్మ మామ్మ దిగింది. దిగలేదు, దూకింది. వీధి చివరిదాకా వినపడేలా గుండెలు బాదుకుంటూ లోపలికి పరిగెత్తింది.

"ఓలమ్మో, ఒదినా! నన్నొగ్గేసి ఎల్లిపోనావా ఒదినా! నీలాటి మడిసి ఈ సుట్టుపట్ల ఉందా ఒదినా! నీ సేతి పులుసు ఇంకెక్కడ తాగుతానే!"

ఆ పులుసును మామ్మ ఇన్నాళ్లూ కుడితి అనే పిలిచింది. అది వేరే విషయం. నా బుర్రలో దీపం వెలిగింది అప్పుడే. తెల్లగుడ్డలు, దండలు, నిప్పు, ఐసు, దూది, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే నాన్న కేకు పెట్టె పట్టుకుని గేటులోకి వచ్చారు. ఇద్దరు ముగ్గురు ఆయన్ని వాటేసుకుని భోరుమన్నారు. ఆయన తెల్లగుడ్డల వైపు చూశారు, మంచం వైపు చూశారు. కేకు చేతిలోంచి జారిపోయింది. "అమ్మా" అన్నారు, అంతే, చిన్నపిల్లాడు పిలిచినట్టు. ఈ కథలో ఆ ఒక్క చోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

మామ్మ మాత్రం ఆగలేదు. మంచం కోడు పట్టుకుని రాగం పెంచింది.

"నీ కాడ ఒక్కటే దాసేను ఒదినా! నీ పుట్టింటోల్లెట్టిన ఇత్తడి గంగాళం, దొంగలెత్తుకెల్లిపోనారని సెప్పి నానే అట్టుకెల్లిపోనానే! అటక మీద నల్లగా పడుందే ఒదినా! నన్ను సెమించీయే!"

నాయనమ్మ కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"సింతపండెట్టి తోమితే నలుపు పోతాది. రేపు పంపించీ."

మామ్మ వెనక్కి విరుచుకుపడి ఐసు దిమ్మ మీద కూలబడింది. మాస్టారు ఆ వయసులో గేటు పక్క మంట మీంచి ఒక్క గెంతు గెంతి వీధిలో పడ్డారు. బజ్జీలు తినని ఆవిడ పళ్లెం లాక్కుని అడ్డం పెట్టుకుంది. పిల్లలు ఇదంతా పార్టీలో భాగమనుకుని చప్పట్లు కొట్టి, మళ్లీ చేయమన్నారు.

నాయనమ్మ లేచి కూర్చుని, కాళ్ల దగ్గర దండలు చూసి, "ఇన్నేటిరా?" అని మురిసిపోయింది. పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తున్న కొడుకు తల నిమిరింది. "ఏటిరా ఇది, పుట్టినరోజు పూట? కేకు పడిపోనాదా? పోన్లే, అందులో గుడ్డుంటాది, నానెలాగూ తినను."

నాన్న కళ్లు తుడుచుకుని లేచారు. నా దగ్గరకు వచ్చారు. కొడతారేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"సోమారం," అన్నారు. "ఎనిమిదింటికి. కొట్టు."

నేను తలొంచుకున్నాను. నా బతుకు బస్తాలపాలయింది.

విషయం అందరికీ తెలిశాక పెద్దవాళ్లు తిట్టడం ఆపి ఒక సంగతి గుర్తు చేసుకున్నారు. చావు కబురు అబద్ధమైతే ఆ మనిషికి ఆయుష్షు పెరుగుతుందట. గేటు బయటి నుంచి మాస్టారు కూడా ఔనన్నారు. ఇంకో పదేళ్లకు ఢోకా లేదన్నారు. వెళ్లిపోయినవాళ్లు వెనక్కి వచ్చారు, బజ్జీలు వద్దన్నవాళ్లు రెండేసి తీసుకున్నారు. నాయనమ్మ ఎవరు ఎంతసేపు ఏడ్చారో అమ్మను అడిగి తెలుసుకుంటోంది.

"రావికమతం వోల్లు రానేదేటి? ఆల్లకి నానంటే అంతేనా?"

"దారిలో ఉన్నారంట అత్తా. చెరకు ట్రాక్టర్లు అడ్డంగా ఉన్నాయంట."

"అయితే మల్లీ పడుకుంటాను. ఆ శాలువా ఇలగియ్యి."

ఇదంతా చూస్తూ సన్నాసమ్మ మామ్మ ఒక మూల కూర్చుని ఉంది. తడిసిన చీర పిండుకుంటూ నన్ను పిలిచింది. గంగాళం సంగతి నా వల్లే బయటపడినందుకు చెంప పగలగొడుతుందని దూరంగా నిలబడ్డాను.

"ఒరే గుంటడా, ఇలగ రా. ఇదంతా నువ్వే సేసేవా?"

"తప్పయిపోనాది మామ్మా."

"తప్పేటిరా. నాకూ సెయ్యి."

"ఏటి సెయ్యాల మామ్మా?"

"ఇదే! దానికన్న నాను రెండేల్లు పెద్దదాన్ని. ఆయుస్సు దానికి పెరిగిపోయి నాను ముందు పోతే, మా ఇంటికొచ్చి నా సామానంతా సూడదా? దానికెన్ని దిమ్మలెట్టేవు?"

"ఆరు."

"నాకు ఎనిమిదెట్టు. ఏడ్సేవోల్లు కూడా దీనికన్న ఎక్కువుండాల. నిజంగా పోయేక సేస్తే నాకేటి తెలుస్తాది? ఇంకెవులికీ సెప్పను, నువ్వే సెయ్యాల."

నేను మెల్లగా నాన్న వైపు తిరిగాను. ఆయన అన్నీ విన్నారు. కాసేపు టెంటు గుడ్డ వైపు, కాసేపు నేల మీది కేకు వైపు చూశారు. మా నాన్న మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు మాత్రం తప్పాలని ఎంతో ప్రయత్నించారు.

"ఎప్పుడు సెయ్యమంటావు అత్తా?" అన్నారు చివరికి, నీరసంగా.

"మంచి రోజు సూడు. వర్జ్యం లేకండా."

ఆ విధంగా నేను ఈవెంట్ మేనేజర్‌నయ్యాను. ఆ రోజే, ఇరుగు పొరుగుల సాక్షిగా, కరుగుతున్న ఐసు దిమ్మ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక జన్మలో ఎవరి పేరు మీద ఐసు గాని, తెల్లగుడ్డ గాని, దండ గాని కొనాల్సి వచ్చినా, ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, కొట్టువాళ్లకు కళ్లారా చూపించి, నాలుగు మాటలు మాట్లాడించి మరీ కొంటాను. ఊరిని మళ్లీ పొరపాటు పడనివ్వను.

ఆ ఒట్టు ప్రకారమే తరవాతి వారం చీడికాడ మామ్మను బండి మీద ఎక్కించుకుని పూలకొట్టుకు వెళ్లాను. చావుకి వేసే దండలు ఇరవై కావాలని, ఇదిగో ఈవిడకేనని చెప్పాను. మామ్మ బండి దిగి, గట్టిగా ఉండే పూలు ఏరుతోంది. పూలకొట్టావిడ మామ్మను పైనుంచి కిందిదాకా చూసి, నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి అంది.

"ఇంకా తిరగతన్నారు గదా బాబూ. కొన్నాల్లు ఆగకూడదేటి?"